గ్రూపులోంచి వెళ్లిపోయినవాడి బాకీ

ఆదివారం భోజనాలయ్యాక వనస్థలిపురంలోని మా ఇంటి హాల్లో నడిచిన మాటలివి. మాట్లాడిన ఇద్దరిలో ఒకడు నా తమ్ముడు. మాదాపూర్‌లో ఉద్యోగం, ఎస్సార్ నగర్‌లో మరో ఇద్దరితో కలిసి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో కాపురం. ఇంకొకరు మావారు. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ఇరవయ్యేళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నారు. అందుకేనేమో, తగాదా అంటే చాలు ఆయనకి ఆవలింతలొస్తాయి.

జరిగింది ఇదీ. ఫ్లాట్‌లోని ముగ్గురిలో ఒకడు సంక్రాంతికి ఊరెళ్తున్నానని జనవరి 12న బయల్దేరాడు. 17కల్లా వచ్చేస్తానన్నాడు. 19వ తేదీ రాత్రి వాళ్ల వాట్సాప్ గ్రూపులో చిన్న అక్షరాలతో ఒక లైను కనిపించింది, అతను గ్రూపు వదిలి వెళ్లాడని. అంతే. ఆ తర్వాత ఫోన్ చేస్తే రింగవదు, మెసేజ్ పెడితే చేరదు. ఇప్పుడు మార్చి నెలాఖరు. మా తమ్ముడు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసి టీపాయ్ మీద పరిచాడు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

తమ్ముడు: మొత్తం 40,150 రూపాయలు బావా. మీరు లీగల్ నోటీసు కొట్టండి. ఫీజు కూడా ఇస్తాను, బంధుత్వం వద్దు.

ఆయన: ఫీజు లేని సలహా ముందు విను. వదిలెయ్.

తమ్ముడు: లాయరై ఉండి మీరు అనే మాటేనా ఇది?

ఆయన: లాయర్ని కాబట్టే అంటున్నాను. చారణా కోడికి బారణా మసాలా. దావా వెయ్యాలంటే కోర్టు ఫీజు, వకీలు ఫీజు, వాయిదాకో రోజు సెలవు. వాడికి సమన్లు అందాలి, వాడు జవాబు వెయ్యాలి. అన్నీ అయ్యి డిక్రీ వచ్చిందనుకో. డిక్రీ అంటే డబ్బు కాదురా, అది కాయితమే. దాన్ని అమలు చెయ్యమని మళ్లీ ఈపీ వెయ్యాలి. జీతం జప్తు చేయిద్దామంటే, జీతంలో మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోవడానికి లేదు. మిగిలిన ఆ ఒక్క వంతు కోసం వాడు ఎక్కడ పనిచేస్తున్నాడో నువ్వే వెతుక్కోవాలి.

తమ్ముడు: అందరూ ఇలాగే లెక్కేసుకుని ఊరుకుంటారనేగా వాడి ధైర్యం! లక్షలు ఎగ్గొడితే వెంటపడతారని భయం ఉంటుంది. పాతికవేలో ముప్పైవేలో అయితే ఎవడూ కదలడు. చిన్న బాకీ ఎగ్గొట్టేవాడికి మన బద్ధకమే పెట్టుబడి.

ఆయన: నువ్వు పంతానికి పోతున్నావు. నేను ఖర్చు సంగతి చెబుతున్నాను.

తమ్ముడు: సరే, ఖర్చు సంగతే మాట్లాడదాం. మా ఫ్లాట్ అద్దె 24,000. తలా 8,000. వాడు పోయాక జనవరికీ ఫిబ్రవరికీ మేమిద్దరం తలా 12,000 కట్టాం. ఓనరు ఒక్క మాటే అన్నాడు: ‘‘మీలో మీరు చూసుకోండి, నాకు ఒకటో తారీఖున 24,000 పడాలి.’’

ఆయన: ముగ్గురూ అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టారా?

తమ్ముడు: పెట్టాం. పదకొండు నెలల కాయితం, రెండోసారి రాసుకున్నాం.

ఆయన: అయితే ఓనరు మాటలో తప్పులేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 43వ సెక్షన్ అదే చెబుతుంది. ముగ్గురు కలిసి మాటిస్తే, ఆ మాట మొత్తాన్నీ ముగ్గురిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. కట్టినవాడు మిగతావాళ్ల దగ్గర వాళ్ల వాటా రాబట్టుకోవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. హక్కు నీకుంది, కాదనను. హక్కున్న ప్రతిచోటా దావా వెయ్యాలా అన్నదే నా ప్రశ్న.

తమ్ముడు: నా ఒక్కడి డబ్బయితే మీరన్నట్టే వదిలేసేవాణ్ణేమో. మా మూడోవాడు గ్రూప్-2కి చదువుతున్నాడు బావా. పొద్దున్నే అశోక్‌నగర్ కోచింగ్‌కి పోతాడు, రాత్రి పదింటికొస్తాడు. ఇంటిదగ్గర నాన్న కౌలు సేద్యం. నెలకింతని లెక్కపెట్టి పంపుతాడు. ఫిబ్రవరిలో ఆ అదనపు 4,000 కట్టడానికి వీడు టెస్ట్ సిరీస్ మానేశాడు. వదిలెయ్ అంటున్నారే, నేను వదిలేస్తే అది వాడి డబ్బుతో నేను చేసే దానం అవదా?

(మావారు దిండుకి ఆనుకున్నవారు కాస్తా లేచి కూర్చున్నారు.)

ఆయన: ఇది మాట. ఇంతసేపూ ఇదెందుకు చెప్పలేదు? సరే, వదలొద్దు. ఇప్పటిదాకా ఏం చేశావో చెప్పు.

తమ్ముడు: స్టేషన్‌కి వెళ్లాను. సివిల్ మ్యాటర్ అని పంపేశారు.

ఆయన: సరిగ్గానే చెప్పారు. బాకీ పడటం వేరు, మోసం వేరు. మోసం కింద కేసు నిలవాలంటే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం మొదటి రోజునుంచీ ఉండాలి. వాడు మీతో ఎన్నాళ్లున్నాడు?

తమ్ముడు: 14 నెలలు.

ఆయన: అద్దె సరిగ్గా ఇచ్చాడా?

తమ్ముడు: డిసెంబర్ దాకా ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు.

ఆయన: 14 నెలలు సక్రమంగా ఇచ్చినవాణ్ణి మొదట్నుంచీ మోసగాడని ఎలా నిరూపిస్తావ్?

తమ్ముడు: పోలీసులు లేకపోతే పోయారు. వాడి ఫోటో ఫేస్‌బుక్‌లో పెడతాను. కొత్త ఆఫీసు ఏదో కనుక్కుని హెచ్చార్‌కి మెయిల్ కొడతాను. ఇంకో అస్త్రం కూడా ఉంది. వాడి సూట్‌కేస్ మా దగ్గరే ఉంది, అందులో ఇంజనీరింగ్ ఒరిజినల్ సర్టిఫికెట్లున్నాయి. డబ్బు పెట్టి పట్టుకెళ్లమంటాను.

ఆయన: బాకీ రావాల్సినవాడివి కాస్తా ముద్దాయివి అవుదామనుకుంటున్నావన్నమాట. ఫోటో పెట్టి దొంగ అని రాస్తే పరువునష్టం కేసు వాడు వేస్తాడు. సర్టిఫికెట్లు వాడు నీకు తాకట్టు పెట్టి పోలేదు, మర్చిపోయి పోయాడు. మనిషి మర్చిపోయిన సామాను అప్పుకి జామీను కాదు. సూట్‌కేస్‌లో ఏమేం ఉన్నాయో జాబితా రాసి, ఫోటోలు తీసి, భద్రంగా ఉంచు. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లొచ్చని కబురు పెట్టు. బాకీ తీరినా తీరకపోయినా సరే.

తమ్ముడు: మీరు వాడి తరఫు లాయర్‌లా మాట్లాడుతున్నారు బావా.

ఆయన: ఒకప్పుడు నేనూ వాడి తరఫు మనిషినే. లా చదివేటప్పుడు విద్యానగర్‌లో ఇద్దరం ఒక రూములో ఉండేవాళ్లం. ఓ రాత్రి మా నాన్నకి పక్షవాతమని కబురొచ్చింది. చేతిసంచితో బస్సెక్కాను. మళ్లీ ఆ రూముకి వెళ్లలేదు. మెస్‌లో, రూములో కలిపి 1,400 బాకీ. తర్వాత చదువు వేరేచోట పూర్తిచేశాను. చెప్పకుండా వెళ్లినవాడు ప్రతివాడూ దొంగ కాదురా. ఒక్కోసారి ఉద్యోగం పోతుంది, ఇంట్లో ఎవరో పడిపోతారు. మొదటిరోజు చెప్పలేడు. పదోరోజుకి చెప్పడానికి మొహం చెల్లదు.

తమ్ముడు: ఆ 1,400 ఇచ్చేశారా?

ఆయన: లేదు.

తమ్ముడు: ఆయన అడగలేదా?

ఆయన: అడగలేదు. మంచివాడు.

తమ్ముడు: అడిగుంటే?

ఆయన: ...ఇచ్చేవాణ్ణి. ఆర్నెల్లలో నా దగ్గర డబ్బుంది. కానీ నా అంతట నేను వెళ్లి, ఇదిగో అని ఎలా మొదలెట్టాలో తెలియలేదు. తర్వాత కోర్టు ఆవరణలో రెండుసార్లు దూరంనుంచి ఆయన్ని చూశాను. రెండుసార్లూ వేరే గేటునుంచి బయటకొచ్చేశాను.

తమ్ముడు: చూశారా? ఆయన మంచితనంతో వదిలేసిన 1,400కి మీరు ఒక స్నేహితుణ్ణే పోగొట్టుకున్నారు. అడగకపోవడం మీకు మేలు చెయ్యలేదు. అడగడమే మర్యాద అంటాను నేను.

(ఈ మాటకి మావారు జవాబివ్వలేదు. కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ రెండో గేటు సంగతి నేనూ ఇప్పుడే విన్నాను.)

ఆయన: ఒప్పుకున్నాను. అడుగుదాం. కానీ ఏం అడగాలో తేలాలి. ఆ కాయితం ఇలా ఇయ్యి. ‘జనవరి అద్దె 8,000.’ 12 దాకా ఉన్నాడు, నెల వాటా పూర్తిగా వాడిదే. సరి. ‘ఫిబ్రవరి, మార్చి అద్దె 16,000.’ ఇది దేని ప్రకారం?

తమ్ముడు: చేరిన రోజే గ్రూపులో రాసుకున్నాం. వెళ్లేవాడు ఒక పూర్తి నెల ముందు చెప్పాలని. దానికి వాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇదిగో, చూడండి.

ఆయన: ఇది మంచి సాక్ష్యం. మాటతో కుదిరిన ఒప్పందమైనా ఒప్పందమే, అన్నిటికీ స్టాంపు కాయితం అక్కర్లేదు. ఈ చాట్ చెరిపెయ్యకు, ఆ ఫోన్ అమ్మెయ్యకు. కోర్టుదాకా వెళ్తే 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో దాఖలు చెయ్యాలి. ఒక నెల నోటీసు అంటే ఫిబ్రవరి వస్తుంది. మార్చి ఎలా వస్తుంది?

తమ్ముడు: మంచం ఖాళీగానే ఉందిగా.

ఆయన: కొత్తవాడు ఎప్పుడు చేరాడు?

తమ్ముడు: మార్చి 15న.

ఆయన: అద్దె ఇచ్చాడా?

తమ్ముడు: సగం నెలకి 4,000.

ఆయన: ఆ 4,000 తీసుకుని, పాతవాడి పేర మళ్లీ పూర్తి 8,000 రాశావన్నమాట. సరే, మిగతా 4,000 సంగతి. మనిషి కావాలని ఎప్పుడు టూలెట్ పెట్టారు?

తమ్ముడు: ఫిబ్రవరి 25న. అప్పటిదాకా వాడే వస్తాడేమోనని... నిజానికి కోపంతో ఏమీ చెయ్యలేదు.

ఆయన: కోపానికి అద్దె వాడు కట్టడు. నష్టపరిహారం గురించి చెప్పే 73వ సెక్షన్‌లోనే ఉంది, నష్టాన్ని తగ్గించుకోడానికి నీకున్న దారులు ఏమిటో కూడా చూడాలని. నెలరోజులు చేతులు ముడుచుకుని కూర్చున్నది నువ్వు. మార్చి కొట్టెయ్. ‘కరెంటు రెండు నెలలు 1,150.’ బిల్లులున్నాయా?

తమ్ముడు: ఉన్నాయి.

ఆయన: ఉంచు. ‘వంటక్క జీతం రెండు నెలలు 4,000.’ ఫిబ్రవరిలో ఇద్దరికే వండింది కదా?

తమ్ముడు: ఇద్దరికైనా ముగ్గురికైనా ఆమె జీతం 6,000లే బావా. ఒక గ్లాసు బియ్యం తగ్గిందని జీతం తగ్గించమంటే బావుంటుందా?

ఆయన: బావుండదు. నోటీసు నెల కాబట్టి వాడే ఇవ్వాలి. ఉంచు. ‘వైఫై 1,200.’

తమ్ముడు: నవంబర్లో ఆర్నెల్లకి 3,600 కట్టాం. వాడి వాటా ఇవ్వలేదు.

ఆయన: నవంబర్‌నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలు, 800. మార్చినుంచి కొత్తవాడు వాడుకుంటున్నాడు, అది వాణ్ణి అడుగు. ‘చేబదులు 3,000.’

తమ్ముడు: డిసెంబర్లో ఫోన్‌పే చేశాను. పంపినట్టు అందులో ఉంది.

ఆయన: ఉంచు. ‘కుర్చీ 1,800.’

తమ్ముడు: వాడు కూర్చుంటే విరిగింది.

ఆయన: కుర్చీ వయసెంత?

తమ్ముడు: ...మా సీనియర్ ఇచ్చిపోయింది.

ఆయన: అంటే కూర్చోవడమే వాడు చేసిన నేరం. కొట్టెయ్. చివరిది, ‘మానసిక క్షోభ 5,000.’ నాకు తెలిసి దీనికి రేటు కార్డు లేదు. కొట్టెయ్. ఇప్పుడు కూడు.

తమ్ముడు: 8,000, 8,000, 1,150, 4,000, 800, 3,000... 24,950.

ఆయన: ఇప్పుడు అసలు ప్రశ్న. వాడు చేరినప్పుడు అడ్వాన్స్ ఇచ్చాడా?

తమ్ముడు: రెండు నెలల అడ్వాన్స్, 48,000. తలా 16,000. అది ఓనరు దగ్గరుంది.

ఆయన: కొత్తవాడు అడ్వాన్స్ ఎవరికిచ్చాడు? ఓనరుకా?

(తమ్ముడు నా వైపు చూశాడు. నేను చిక్కుడుకాయల వైపు చూశాను.)

తమ్ముడు: నాకు.

ఆయన: ఎంత?

తమ్ముడు: 16,000.

ఆయన: అది వెళ్లిపోయినవాడి అడ్వాన్సేగా, చేతులు మారింది. వాడి డబ్బు 16,000 నీ అకౌంట్లో ఉంది. బాకీ 24,950లోంచి అది తీసెయ్. 8,950. నలభై వేలని ఊగిపోయావు, నిజం బాకీ తొమ్మిదివేలు కూడా లేదు. ఆ 40,150తో నేను నోటీసు పంపి ఉంటే, వాడి లాయర్ మొదటి పేరాలోనే అడ్వాన్స్ ఎక్కడని అడిగేవాడు. అక్కడితో నీ నిజం లెక్క కూడా అబద్ధంలా కనపడేది. ఇందులో ఏ అంకెనీ వాడు కాదనగలిగేలా ఉండకూడదు. అప్పుడే అది బాకీ అవుతుంది.

తమ్ముడు: నేను దాచలేదు బావా. మర్చిపోయాను. వాడు ఇవ్వాల్సింది గుర్తున్నంతగా నా దగ్గరున్నది గుర్తులేదు.

అంతదాకా నేను ఒక్క మాటా అనలేదు. అప్పుడు మాత్రం ఆగలేకపోయాను. ‘‘ఒరే, ఆ చదువుకునే పిల్లాడు ఎక్కువ కట్టాడన్నావే, ఈ 16,000లోంచి వాడిది వాడికిచ్చావా?’’ అని అడిగాను.

ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మావారు కాయితం తిరగేసి, వెనకవైపు లెక్క మొదలెట్టారు.

ఆయన: చేబదులు 3,000 నీ ఒక్కడిదే. మిగతా 21,950 మీరిద్దరూ సగం సగం మోశారు. అంటే ఆ పిల్లాడు మోసింది 10,975.

తమ్ముడు: టెస్ట్ సిరీస్ 3,500 బావా.

ఆయన: వాడు చెప్పకుండా వెళ్లాడు, నువ్వు చెప్పకుండా ఉంచుకున్నావు. కావాలని చేశావని అనను. వాడూ కావాలని చెయ్యలేదేమో. నీ 16,000లోంచి వాడికి 10,975 ఇచ్చెయ్. నీ దగ్గర 5,025 మిగుల్తుంది. నువ్వు మోసింది 13,975. తేడా ఎంత?

తమ్ముడు: 8,950.

ఆయన: అదే అంకె. కాకపోతే ఇప్పుడది పూర్తిగా నీ ఒక్కడిదే. ఇందాక అన్నావే, వదిలేస్తే వాడి డబ్బుతో దానం చేసినట్టని. నూటికి నూరుపాళ్లు నిజం. ముందు వాడిది వాడికి చేరనీ. ఆ తర్వాత వదిలినా నీదే, పట్టినా నీదే.

తమ్ముడు: పడితే ఎలా?

ఆయన: అగ్రిమెంట్‌కి పెట్టిన ఆధార్ కాపీలో ఊరి అడ్రస్ ఉంటుంది. ఒక పేజీ ఉత్తరం రాయి. వరుసగా అంకెలు, అడ్వాన్స్ తీసేసిన సంగతి, బిల్లుల కాపీలు, సూట్‌కేస్ భద్రంగా ఉందన్న మాట. ఒక్క తిట్టు ఉండకూడదు. కావాలంటే మూడు వాయిదాల్లో ఇవ్వొచ్చని రాయి. పోస్టులో పంపి, చేరిన రసీదు దాచు. వాడు ‘ఇస్తాను, టైమివ్వు’ అని రాతపూర్వకంగా ఒప్పుకుంటే అది బంగారం. ఇలాంటి బాకీకి దావా గడువు మూడేళ్లు. సంతకంతో ఒప్పుకోలు దొరికితే ఆ రోజునుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.

తమ్ముడు: జవాబే రాకపోతే?

ఆయన: జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాయితం మీద అర్జీ ఇవ్వు. దావా వెయ్యకముందే లోక్ అదాలత్‌కి పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. వాళ్లు వాడికి నోటీసు పంపుతారు. కూర్చుని ఒప్పుకుంటే ఆ అవార్డు 1987 చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. వాడు రాకపోతే మాత్రం వాళ్లు బలవంతపెట్టలేరు. అప్పుడు దావా వేస్తావో, చాలనుకుంటావో నీ ఇష్టం. 8,950కి దావా వెయ్యమని మాత్రం నేను చెప్పను.

తమ్ముడు: వదిలెయ్ అనే మొదలెట్టారు, మళ్లీ అక్కడికే వచ్చారు.

ఆయన: అక్కడికే రాలేదు. ఇందాక అడగొద్దన్నాను. ఇప్పుడు ఒకసారి శుభ్రంగా అడగమంటున్నాను. ఇంకో సంగతి. కొత్తవాడితో ఈ రాత్రే ఒక కాయితం రాసుకోండి. ఎవరి అడ్వాన్స్ ఎంత, ఎవరి చేతిలో ఉంది, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెప్పకపోతే అడ్వాన్స్‌లోంచి ఏమేం తీసుకోవచ్చు. ఓనరుతో అగ్రిమెంట్ అందరూ రాసుకుంటారు. మీలో మీరు రాసుకునే కాయితమే ఎవరి దగ్గరా ఉండదు.

తమ్ముడు ఫోన్ తీశాడు. ఏదో నొక్కాడు. రెండు నిమిషాల్లో ఆ ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టకపోయినా, అవతలి కుర్రాడి గొంతు నాదాకా వినపడింది. ‘‘అన్నా, 10,975 పడ్డాయి. ఇవేం డబ్బులన్నా?’’

‘‘నీవే. రెండు వారాలు నా దగ్గరుండిపోయాయి’’ అన్నాడు తమ్ముడు.

తర్వాత చాలాసేపు కూర్చుని ఆ ఉత్తరం రాశాడు. మూడుసార్లు చింపాడు. నాలుగోదాన్ని మావారికి చూపించాడు. ఆయన చదివి, ఒక్క మాటా కొట్టెయ్యకుండా తిరిగిచ్చారు. ఆ తర్వాత, ‘‘ఇంకో తెల్లకాయితం ఉందా?’’ అని నన్నడిగారు.

ఎవరికి రాస్తున్నారని నేను అడగలేదు. విద్యానగర్ అని మొదలుపెట్టడం మాత్రం చూశాను.